చార్టులో లేని గడి



ఇవాళ్టి విషయం వినగానే కొన్ని ఇళ్లలో రేడియో గొంతు తగ్గుతుందని నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లుంటారు, ఎదిగిన పిల్లలుంటారు. తగ్గించుకోండి, ఫరవాలేదు. కట్టెయ్యకండి మాత్రం. ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లలో సెక్స్ హార్మోన్లు ఎందుకు తగ్గిపోతాయి, తగ్గితే ఏమవుతుంది, ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అన్నది ఈ పూట మాట్లాడుకుందాం. మగవాళ్లలో టెస్టోస్టిరాన్, ఆడవాళ్లలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్. ఇవేవో పడకగది సంగతులని మనం పక్కన పెట్టేస్తాం. కానీ కండ పట్టు, ఎముక గట్టిదనం, ఒంట్లో రక్తం, రాత్రి నిద్ర, పగటి హుషారు, అన్నిటికీ వీటితో లంకె ఉంది.

డయాలసిస్ యూనిట్ లోపలికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ప్రతి మంచానికీ అట్టకి క్లిప్పు పెట్టిన చార్టొకటి వేలాడుతుంటుంది. వచ్చినప్పటి బరువు, వెళ్లేటప్పటి బరువు, మధ్య మధ్యలో బీపీ, మిషన్ ఎంత వేగంతో రక్తం లాగుతోంది, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇచ్చారు, డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఎలా ఉంది. నెలకోసారి హిమోగ్లోబిన్, పొటాషియం, ఫాస్ఫరస్, కాల్షియం. అప్పుడప్పుడు పారాథైరాయిడ్ హార్మోను. అన్నిటికీ గడులున్నాయి. నెలసరి ఎలా వస్తోందమ్మా అని గానీ, ఆలుమగలు ఎలా ఉంటున్నారయ్యా అని గానీ అడిగి రాసుకునే గడి ఒక్కటీ ఉండదు. రోగి తనంతట తాను చెప్పడు. డాక్టరు తనంతట తాను అడగడు. వారానికి రెండు మూడుసార్లు, పూటకి నాలుగు గంటల చొప్పున ఒకే గదిలో ఏళ్ల తరబడి కలుస్తూ కూడా ఈ ఒక్క మాట రాదు. ఆ గడి ఉండి తీరాలని నా వాదన. రక్తం తగ్గిందా అని ఏ గొంతుతో అడుగుతామో ఆ గొంతుతోనే దీన్నీ అడగాలి.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాం. సెక్స్ హార్మోన్ల తయారీ మన జిల్లా పాలనలాగా మూడంచెల్లో నడుస్తుంది. పైన కలెక్టరాఫీసు మెదడులోని హైపోథాలమస్. దాని కింద మండలాఫీసు పిట్యూటరీ గ్రంథి. అట్టడుగున పని జరిగే ఊరు, మగవాళ్లకి వృషణాలు, ఆడవాళ్లకి అండాశయాలు. పైనుంచి తాఖీదు ఒక్కసారి వచ్చి ఊరుకుంటే చాలదు. గంటన్నరకో రెండు గంటలకో ఒకటి చొప్పున, విడతలు విడతలుగా వస్తేనే కిందవాళ్లు కదులుతారు. తాఖీదు అందగానే పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లని రక్తంలోకి వదులుతుంది. అవి వెళ్లి వృషణాల చేత టెస్టోస్టిరాన్, అండాశయాల చేత ఈస్ట్రోజెన్ చేయిస్తాయి. ఎంత తయారైందో ఆ లెక్క మళ్లీ పైకి చేరుతుంది. లెక్క తగ్గితే పైనుంచి ఒత్తిడి పెరుగుతుంది.

కిడ్నీలు చెడినప్పుడు ఈ మూడంచెల్లో ఏదీ సవ్యంగా ఉండదు. పైనుంచి వచ్చే తాఖీదుల లయ తప్పుతుంది. కింద వృషణాలు ఎల్‌హెచ్ మాట సరిగ్గా వినవు. రక్తం తీసి చూస్తే ఎల్‌హెచ్ ఎక్కువగానే ఉంటుంది, కిడ్నీ ద్వారా పోవాల్సింది పోక నిలిచిపోతుంది కనక. కాగితం మీద ఉత్తర్వులు బోలెడు, ఊళ్లో పని సున్నా. దీనికి తోడు ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను. బాలింతకి పాలు పడేలా చేసేది ఇదే. మగవాళ్లలోనూ కొద్దిగా ఉంటుంది. దీన్ని రక్తంలోంచి తీసెయ్యడంలో కిడ్నీకి వాటా ఉంది. కిడ్నీ ఆ పని మానేస్తుంది, పిట్యూటరీ దాన్ని మామూలు కన్నా ఎక్కువ వదులుతుంది, రెండూ కలిసి డయాలసిస్ రోగుల్లో ప్రొలాక్టిన్ పెరిగిపోతుంది. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాకపోవడం మనకి తెలిసిందే కదా. అదే ప్రొలాక్టిన్ ఇక్కడ ఆడా మగా తేడా లేకుండా హైపోథాలమస్ నోరు నొక్కేస్తుంది.

డయాలసిస్ మొదలయ్యాకే ఇదంతా అనుకోవద్దు. జబ్బు మధ్య దశలో ఉండగానే తగ్గుదల మొదలవుతుంది. డయాలసిస్ దాకా వచ్చిన మగవాళ్లలో దాదాపు సగం మందికి టెస్టోస్టిరాన్ ఉండాల్సినంత ఉండదు. కొన్ని అధ్యయనాల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువే.

మగవాళ్ల సంగతి ముందు చెప్తాను. ఇందులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయి గందరగోళం అవుతుంటుంది. కోరిక ఒకటి, అంగస్తంభన ఇంకొకటి. కోరికకి ముఖ్యంగా టెస్టోస్టిరాన్ కావాలి. అంగస్తంభనకి హార్మోనుతో పాటు రక్తనాళాలు బాగుండాలి, నరాలు బాగుండాలి, మనసు కుదురుగా ఉండాలి. మన దేశంలో కిడ్నీలు పాడయ్యేవాళ్లలో ఎక్కువమందికి కారణం షుగరు. షుగరు నరాల్నీ, సన్న రక్తనాళాల్నీ తినేస్తుంది. కాబట్టి షుగరు రోగికి టెస్టోస్టిరాన్ సూదిమందు ఒక్కటీ ఇచ్చేస్తే అంతా సర్దుకుంటుందనుకోవడం అత్యాశ. కోరిక రావచ్చు, మిగతాది రాకపోవచ్చు. అది ఇంకా పెద్ద బాధ.

మన దగ్గరే షుగరూ బీపీ లేకుండా కిడ్నీలు పోతున్న ప్రాంతం ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య బతికే రైతులూ కూలీలూ ముప్ఫయ్యో నలభయ్యో దాటేసరికి జబ్బున పడుతున్నారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపించలేకపోయారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానం అంటే మనం నీళ్ల గురించి, సిలికా గురించి, పురుగు మందుల గురించి మాట్లాడతాం. కాపురాల గురించి ఎవరూ మాట్లాడరు. జబ్బు పడేది సంసారాల మధ్యలో ఉన్న వయసువాళ్లు. వాళ్ల విషయంలో షుగరు మీద నెపం వేసి తప్పించుకోవడానికి కూడా డాక్టర్లకి వీల్లేదు.

అటునుంచి విశాఖలో మా డయాలసిస్ యూనిట్‌కి వచ్చే ఒకాయన గురించి చెప్తాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మారుస్తున్నాను. నలభైకి రెండు మూడేళ్లు తక్కువ. కొబ్బరి చెట్టెక్కి కాయ దింపే మనిషి. ఎప్పుడు ఎలా ఉందని అడిగినా ఒకటే జవాబు, “నీరసంగా ఉంటాది బాబూ.” హిమోగ్లోబిన్ తొమ్మిది. ఐరన్ ఇచ్చాం, రక్తం పట్టే ఇంజెక్షన్ పెంచాం. తొమ్మిది దాటదు. ఒక రోజు ఆయన మిషన్ మీద ఉండగా భార్య బయట వరండాలో నన్ను ఆపింది. “బాబూ, మా ఆయన ఆర్నెల్ల బట్టి పక్క వేరే ఏసుకుంటన్నాడు. నామీద కోపమేటో మీరైనా అడగండి” అంది.

కోపమేమీ లేదు. అడిగితే తలొంచుకుని చెప్పాడు. కోరిక అన్నది ఒంట్లోంచి ఎవరో తీసుకెళ్లిపోయినట్టుందన్నాడు. దగ్గరికి వెళ్లి ఏమీ కాక సిగ్గుపడటం కన్నా వేరే పడుకోవడమే నయమనిపించిందట. ఇంకో మాట కూడా అప్పుడే బయటపడింది. ఎండాకాలంలో కూడా చొక్కా విప్పడం మానేశాడు. రొమ్ములు కొద్దిగా ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి. తోటలో తోటివాళ్లు నవ్వుతారని భయం. టెస్టోస్టిరాన్ తగ్గి ప్రొలాక్టిన్ పెరిగిన మగవాళ్లలో ఇది చూస్తూనే ఉంటాం. క్యాన్సరేమోనని హడలిపోయేవాళ్లూ ఉన్నారు. ఒకసారి డాక్టరు చేత్తో చూసి, అవసరమైతే స్కాన్ తీయించి చెప్తే ఆ భయం పోతుంది.

ఆయన మందుల సంచీ మంచం మీద బోర్లించి చూశాం. ఇది ప్రతి ఇంట్లోనూ చెయ్యదగ్గ పని. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూల్ ఒకటి కనిపించింది, పేరు చివర డి అనే అక్షరం ఉన్నది. ఆ డి అంటే డోంపెరిడోన్. వాంతిని, కడుపుబ్బరాన్ని తగ్గిస్తుంది, మంచి మందే. కానీ అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. అసలే కిడ్నీ వల్ల పెరిగిన ప్రొలాక్టిన్‌కి రోజూ ఇంకొంచెం ఆజ్యం. ఎవరో ఎప్పుడో వారం రోజులకి రాసింది రెండేళ్లుగా నడుస్తోంది. మెటోక్లోప్రమైడ్ కూడా ఈ కోవలోదే. గుండెకీ బీపీకీ వాడే స్పైరనోలాక్టోన్ నేరుగా టెస్టోస్టిరాన్ పనికి అడ్డం పడుతుంది, రొమ్ములు ఉబ్బేలా చేస్తుంది. బీపీకి వాడే క్లోనిడిన్, అటెనోలాల్ వంటివి అంగస్తంభనని దెబ్బతీస్తాయి. ఇది విని ఎవరూ రేపటినుంచి బీపీ బిళ్లలు మానెయ్యకండి. ముఖ్యంగా క్లోనిడిన్ ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగిసిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పట్టీ అంతా డాక్టరు ముందు పెట్టి, దేనికి బదులు ఏది వాడొచ్చో అడగాలి. చాలాసార్లు ప్రత్యామ్నాయం ఉంటుంది.

ఆయనకి గ్యాస్ క్యాప్సూల్ మార్చాం. వారానికి రెండుసార్లు చేయించుకుంటున్న డయాలసిస్ మూడుకి పెంచాం. దూరాభారం వల్ల రెండుతో సరిపెట్టుకునేవాళ్లు మన దగ్గర చాలామంది, వాళ్లని తప్పుపట్టలేను. పొద్దున ఎనిమిది పది గంటల మధ్య టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించాం. ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. మధ్యాహ్నం భోంచేశాక ఇచ్చిన రక్తంలో తక్కువ వచ్చిందని మందు మొదలెట్టడం తప్పు. ఒక్కసారి చేసిన పరీక్ష కూడా చాలదు, కొన్నాళ్లు ఆగి ఇంకోసారి చూడాలి. జ్వరంతోనో ఇన్‌ఫెక్షన్‌తోనో ఉన్నప్పుడు ఎవరికైనా తగ్గుతుంది. ఆయనకి రెండుసార్లూ రెండు వందల దరిదాపుల్లో వచ్చింది. మూడు వందలైనా ఉండాలి.

మరి టెస్టోస్టిరాన్ ఇచ్చామా? లేదు. ఆ భార్యాభర్తలకి ఒక్కతే కూతురు, రెండో బిడ్డ కావాలని ఇద్దరికీ ఉంది. బయటినుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు, సరుకు దండిగా ఉందనుకుని పిట్యూటరీ చేత పని మాన్పిస్తుంది. వృషణాల్లో వీర్యకణాల తయారీ పడిపోతుంది. పిల్లలు కావాలనుకునే మగవాడికి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ కుటుంబ నియంత్రణ మందులాంటిదే. మగతనానికని ఇచ్చేదే పిల్లలు పుట్టకుండా చేస్తుందంటే నమ్మరు, కానీ ఒంటి లెక్క అది. అందుకని ఆయన విషయంలో మిగతావన్నీ సర్ది, అవయవదానం కోసం ఉన్న జీవన్‌దాన్‌లో పేరు రాయించి, కిడ్నీ మార్పిడి కోసం చూస్తున్నాం. నీరసం పూర్తిగా పోలేదు. నిద్ర పడుతోంది. పక్క వేరే వేసుకోవడం మాత్రం మానేశాడట, అది ఆవిడే చెప్పింది.

పిల్లల ఆలోచన లేనివాళ్ల సంగతి వేరు. టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువగా ఉండి, లక్షణాలూ ఉంటే ఇవ్వొచ్చు. భుజాలకి రాసుకునే జెల్, రెండు మూడు వారాలకో ఇంజెక్షన్, మూడు నెలలకో ఇంజెక్షన్ దొరుకుతున్నాయి. జెల్ రాసుకున్న చోటు ఆరకముందే పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు, వాళ్ల ఒంటికి అంటుకుంటుంది. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ డయాలసిస్ రోజున వద్దు, హెపారిన్ వల్ల లోపల నెత్తురు కారి పేరుకుని వాపు తేలుతుంది. మొదలుపెట్టే ముందు ప్రోస్టేట్ చూడాలి, హిమోగ్లోబిన్ మరీ పెరిగిపోకుండా కనిపెట్టుకోవాలి.

హిమోగ్లోబిన్ పెరుగుతుందా అంటారేమో. పెరుగుతుంది. టెస్టోస్టిరాన్‌కి ఎముక మూలుగలో రక్తకణాలు పుట్టించే గుణం ఉంది. ఇవాళ డయాలసిస్ రోగులందరికీ తెలిసిన ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్‌కి అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. అంతకు ముందు రక్తం పట్టడానికి నాండ్రోలోన్ వంటి మగ హార్మోను సూదులే ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లకీ ఇచ్చేవాళ్లు. గొంతు బొంగురుపోయి, మొహాన వెంట్రుకలు వచ్చేవి కొందరికి. 1999లో కాలిఫోర్నియా పరిశోధకులు ఆ నాండ్రోలోన్‌నే 29 మంది డయాలసిస్ రోగుల మీద ఆర్నెల్లు పరీక్షించారు. కొవ్వు కాని ఒంటి బరువు మందు తీసుకున్నవాళ్లలో నాలుగున్నర కిలోలు పెరిగింది, ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లలో రెండు కిలోల లోపే. నడకలోనూ మెట్లెక్కడంలోనూ తేడా కనిపించింది. నీరసం అని మనం కొట్టిపారేసే దాంట్లో హార్మోను వాటా ఎంతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

అయితే టెస్టోస్టిరాన్ తక్కువ ఉన్నవాళ్లు త్వరగా పోతారా? 2009లో స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థవాళ్లు 126 మంది డయాలసిస్ మగవాళ్లని పరిశీలించి, తక్కువ ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని చూపించారు. కానీ కండ ఎంత ఉందో చెప్పే క్రియాటినిన్‌ని కూడా లెక్కలో కలిపేసరికి ఆ సంబంధం నిలబడలేదు. అంటే హార్మోను తక్కువవడం ప్రాణం తీస్తోందా, లేక కండ కరిగి చిక్కిపోయిన మనిషిలో హార్మోనూ తగ్గుతోందా అన్నది తేలలేదన్న మాట. హార్మోను ఎక్కిస్తే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2023లో వెలువడిన ట్రావర్స్ అనే పెద్ద అధ్యయనంలో, గుండె జబ్బో దాని ముప్పో ఉన్న అయిదు వేలమందికి పైగా మగవాళ్లని చూశారు. టెస్టోస్టిరాన్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు, అది ఊరట. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం మాత్రం మందు తీసుకున్నవాళ్లలో ఎక్కువ కనిపించాయి. ఆ మూడోది కిడ్నీ రోగి గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

డాక్టరు అడగడు కాబట్టి రోగి ఎక్కడికి వెళ్తాడు? రైలు కిటికీలోంచి చూస్తే గోడ గోడకీ ప్రకటనలే. ఫలానా లాడ్జిలో నెలకి రెండు రోజులు అందుబాటులో ఉంటామని పేపర్లో మూల ప్రకటనలు. అక్కడ ఇచ్చే భస్మాల్లో, లేహ్యాల్లో పాదరసం, సీసం, ఆర్సెనిక్ దొరికిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఎన్నో ఉన్నాయి. ఇంకా మిగిలి ఉన్న కాస్త కిడ్నీని అవి మింగేస్తాయి. మూలికల క్యాప్సూల్ అని అమ్మేవాటిలో సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, చెప్పకుండా కలిపిన సందర్భాలూ పట్టుబడ్డాయి. సిల్డెనాఫిల్ చెడ్డ మందు కాదు. డయాలసిస్ రోగుల్లో కూడా అంగస్తంభనకి బాగానే పనిచేస్తుంది, తక్కువ మోతాదుతో, డాక్టరు చెబితే. కానీ గుండెకని సార్బిట్రేట్ వాడుతున్న మనిషి తెలియక దాన్ని మింగితే బీపీ పాతాళానికి పడిపోతుంది. బీపీకి ప్రాజోసిన్ వాడేవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి, మన డయాలసిస్ రోగుల్లో చాలామంది అది వాడతారు. ఆ లాడ్జి గదిలో, మీరేం మందులు వాడుతున్నారని అడిగేవాడెవడు?

ఇక ఆడవాళ్లు. మగవాళ్ల గురించి పరిశోధనలైనా ఉన్నాయి, ఆడవాళ్ల గురించి అవీ తక్కువే. ఇది నాకు చిరాకు తెప్పించే విషయం.

ఆరోగ్యంగా ఉన్న స్త్రీలో నెల మధ్యలో ఈస్ట్రోజెన్ పెరిగి, దానికి జవాబుగా ఎల్‌హెచ్ ఒక్కసారి ఉప్పొంగి, అండం విడుదలవుతుంది. కిడ్నీలు చెడిన స్త్రీలో ఆ పొంగు రాదు. అండం విడుదల కాదు. ప్రొజెస్టిరాన్ తయారు కాదు. ఇక నెలసరి ఎలా వస్తుందో చెప్పలేం. కొందరికి నెలలు నెలలు రాదు, కొందరికి పదిహేను రోజులకోసారి, కొందరికి మొదలైతే ఆగదు. మన దేశంలో నెలసరి పూర్తిగా ఆగిపోయే సగటు వయసే 46, 47. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి అది ఇంకో నాలుగైదేళ్లు ముందే వచ్చేస్తుంది. లూపస్ వంటి జబ్బుకి సైక్లోఫాస్ఫమైడ్ వాడినవాళ్లకి ఇంకా ముందే రావచ్చు, ఎందుకంటే ఆ మందు అండాశయాల మీద నేరుగా దెబ్బకొడుతుంది. ఈస్ట్రోజెన్ పోయిందంటే ఒంట్లో వేడి సెగలు, నిద్రలేమి, యోని పొడిబారి కలయికలో నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు. అన్నిటికన్నా ముఖ్యంగా ఎముకలు. కిడ్నీ జబ్బు వల్ల అసలే ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ కలిసి ఎముకని గుల్ల చేస్తుంటాయి. ముప్ఫై ఎనిమిదేళ్లకే ఈస్ట్రోజెన్ కూడా తప్పుకుంటే బాత్‌రూములో జారితే చాలు, తుంటి విరుగుతుంది.

మా యూనిట్‌కి వేరే ఊరినుంచి బదిలీ మీద ఒకమ్మాయి వచ్చింది. ఇద్దరు చిన్న పిల్లలు. హిమోగ్లోబిన్ ఏడు. రక్తం ఎక్కించడం, రెండు నెలలకి మళ్లీ ఏడు. మా సిస్టర్ ఒకరు బీపీ చూస్తూ మామూలుగా అడిగింది, “డేట్ సరిగ్గా వస్తోందామ్మా?” “రావడం కాదు సిస్టర్, వస్తే పదిహేను రోజులు పోదు. డయాలసిస్ రోజైతే మరీ. కూర్చోడానికి భయం, మంచం పాడవుద్దని” అంది ఆ అమ్మాయి. ఇంట్లోనుంచి మడతలు పెట్టిన పాత చీర ముక్కలు తెచ్చుకుని వేసుకుని పడుకుంటోంది. మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ నెలసరి రక్తస్రావాన్ని కూడా పెంచుతుంది. ఆ రోజుల్లో హెపారిన్ తగ్గించాం. గైనకాలజిస్టు స్కాన్ తీసి, గర్భాశయంలో హార్మోను ఉండే లూప్ వేశారు. మూడు నెలల్లో రక్తం ఎక్కించాల్సిన అవసరం తప్పింది. ఐరన్‌తో, ఇంజెక్షన్‌తో ఇన్నాళ్లు కానిది ఒక్క ప్రశ్నతో అయింది. రక్తం ఎక్కించినప్పుడల్లా ఒంట్లో పరాయి రక్తానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు పుట్టి రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టం కావచ్చని కూడా గుర్తుంచుకుంటే, ఆ ప్రశ్న విలువ ఇంకా తెలుస్తుంది.

నలభై అయిదు లోపే నెలసరి ఆగిపోయిన స్త్రీకి ఈస్ట్రోజెన్ ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కొక్కరినీ చూసి తేల్చుకోవాలి. కిడ్నీ పనిచెయ్యనప్పుడు నోటి ద్వారా వేసుకున్నది రక్తంలో ఎక్కువ నిలుస్తుంది కాబట్టి మోతాదు తగ్గించాలి. ఫిస్టులా మూసుకుపోయే ధోరణి ఉన్నవాళ్లకి, రక్తం గడ్డకట్టే లూపస్ ఉన్నవాళ్లకి అది ప్రమాదం. కేవలం యోని పొడితనం, నొప్పి మాత్రమే ఉంటే అక్కడికి రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము చాలు, అది రక్తంలోకి పెద్దగా చేరదు. ఇంత చిన్న క్రీముకి తీరే బాధని ఏళ్ల తరబడి పళ్ల బిగువున భరించినవాళ్లని చూశాను.

పిల్లల గురించి ఒక్క మాట. కిడ్నీ జబ్బుతో పెరిగే పిల్లలకి యుక్తవయసు రెండేళ్లకి పైగా ఆలస్యంగా వస్తుంది, ఎత్తూ పెరగరు. పద్నాలుగేళ్లొచ్చినా పెద్దమనిషి కాలేదని, గొంతు మారలేదని కంగారుపడే తల్లిదండ్రులు పిల్లల కిడ్నీ డాక్టరుతో ఆ మాట అనాలి. పసరు వైద్యాలు చేయించకూడదు.

మళ్లీ ఆడవాళ్ల దగ్గరికి వద్దాం. డయాలసిస్‌లో ఉన్న స్త్రీకి గర్భం రాదనే అందరూ అనుకుంటారు. రావడం అరుదే. కానీ వస్తుంది. డయాలసిస్ చేయించుకుంటూనే ఒక స్త్రీ నెలలు నిండి బిడ్డని కన్నదని ఇటలీ డాక్టర్లు 1971లో ప్రకటించారు. ఆ తర్వాత లెక్కలు చూస్తే డయాలసిస్ గంటలు పెరిగే కొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతోంది. 2014లో కెనడా, అమెరికా లెక్కలు పోల్చి చూసినప్పుడు, వారానికి ఇరవై గంటలు, అంతకు లోపు డయాలసిస్ అయినవాళ్లలో సజీవంగా బిడ్డ పుట్టింది 48 శాతం, ముప్ఫై ఆరు గంటలు దాటినవాళ్లలో 85 శాతం. మన దగ్గర వారానికి పన్నెండు గంటలే గగనం. ఇక్కడ చెప్పాల్సిన మాట ఇంకొకటి. ఎలాగూ నెలసరి సరిగ్గా రాదు కాబట్టి గర్భం వచ్చిన సంగతి నాలుగైదు నెలల దాకా తెలియదు. మూత్రమే రానివాళ్లకి మూత్ర పరీక్ష ఎలా చేస్తారు? రక్తపరీక్ష కూడా కిడ్నీ రోగుల్లో కొద్దిగా తప్పుదారి పట్టించొచ్చు. స్కాన్ చేస్తేనే తేలుతుంది. కడుపు ఉబ్బితే నీరు చేరిందనుకుని డయాలసిస్‌లో లాగేస్తూ పోకూడదు. బీపీకి వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి కడుపులో బిడ్డకి హాని చేస్తాయి కనక ఇది ముందే తెలియాలి.

ఈ హార్మోన్ల లోపానికి అన్నిటికన్నా గట్టి మందు కిడ్నీ మార్పిడే. కొత్త కిడ్నీ పనిచెయ్యడం మొదలెట్టిన కొద్ది నెలల్లో ప్రొలాక్టిన్ తగ్గుతుంది, చాలామంది మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తేరుకుంటుంది, ఆడవాళ్లకి నెలసరి గాడిన పడుతుంది. అమెరికాలో ఎడిత్ హెల్మ్ అనే ఆమె 1956లో తన కవల సోదరి కిడ్నీ పెట్టించుకుంది. ఆపరేషన్ చేసింది బోస్టన్‌లో జోసెఫ్ మర్రే, తర్వాత 1990లో నోబెల్ బహుమతి పొందినాయన. 1958లో ఆమెకి కొడుకు పుట్టాడు. కిడ్నీ మార్పిడి తర్వాత బిడ్డని కన్న మొదటి స్త్రీ ఆవిడ. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో తల్లులూ భార్యలూ ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. ఎడిత్‌కి దొరికిన అవకాశం మన ఆడపిల్లలకి ఎంతమందికి దొరుకుతోందో మీరే ఆలోచించండి.

మార్పిడి తర్వాత వాడే మందుల్లో కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. సిరోలిమస్ మగవాళ్లలో టెస్టోస్టిరాన్‌నీ వీర్యకణాల్నీ తగ్గిస్తుంది. పిల్లలు కావాలనుకుంటే డాక్టరుతో ముందే చెప్పాలి, మార్చొచ్చు. మైకోఫెనోలేట్ వాడుతున్న స్త్రీ గర్భం దాలిస్తే గర్భస్రావం కావచ్చు, బిడ్డ చెవులు, పెదవి సరిగ్గా ఏర్పడకపోవచ్చు. దాన్ని ఆపి అజాథయోప్రిన్‌కి మార్చుకుని, కనీసం ఆరు వారాలు ఆగాకే గర్భానికి ప్రయత్నించాలి. మార్పిడి అయ్యాక ఏడాదైనా ఆగమంటారు, కిడ్నీ స్థిమితపడాలి కనక.

అయితే ఒళ్లు ఆ ఏడాది ఆగదు. ఆపరేషన్ అయిన నెలకే అండం విడుదల కావచ్చు, మొదటి నెలసరి రాకముందే గర్భం రావచ్చు. ఏళ్ల తరబడి నెలసరి లేని స్త్రీకి, ఆమె భర్తకి ఇది తట్టదు, ఆస్పత్రిలో ఎవరూ చెప్పకపోతే అసలే తట్టదు. కాబట్టి డిశ్చార్జి రోజున మందుల చీటీ అందుకునేటప్పుడు, కుటుంబ నియంత్రణకి ఏం వాడమంటారని ఆలుమగలిద్దరూ కలిసి అడిగి, జవాబు రాయించుకుని మరీ బయల్దేరండి.